ఎవరి కొలత వారిదే

డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మారకోపన్యాస పాఠం

1956లో కాంగ్రా లోయను మూడు మండలాలుగా విడదీసి ఉప్పు పంపారు. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. హిమాలయాల పాదాల దగ్గరున్న ఆ లోయలో అప్పటికి లక్షమందికి పైగా జనం. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి అయోడిన్ లోటు వల్ల గొంతు ముందు థైరాయిడ్ వాపు ఉండేది. ఆరేళ్లు గడిచేసరికి అయోడిన్ అందిన రెండు చోట్లా ఆ వాపులు ఇంచుమించు సగానికి తగ్గాయి. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాత మూడో మండలానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. పన్నెండేళ్లకు మొదటి రెండు మండలాల్లో వాపు ఉన్నవాళ్లు పదిమందిలో ఒక్కరికి మించలేదు.

ఆ పనికి సారథి శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, ఢిల్లీ ఎయిమ్స్‌కు పదేళ్లు డైరెక్టర్‌గా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. 2001లో కన్నుమూశారు. ఆయన్ని తలుచుకునే సభలో థైరాయిడ్ గురించి మాట్లాడుకోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఆయన లోయకు చేర్చిన ఉప్పుకు ఒక సుగుణం ఉంది. ఎవరికెంత అని తూకం వెయ్యాల్సిన పనిలేదు. పప్పులో, పచ్చట్లో పడితే చాలు, ఇంటిల్లిపాదికీ అందుతుంది. ఇవాళ తెలుగు ఇళ్లలో తెల్లవారగానే పరగడుపున వేసుకునే చిన్న తెల్లటి థైరాయిడ్ మాత్ర స్వభావం అందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. మందు నూటికి తొంభైతొమ్మిది మందికి ఒకటే కావచ్చు, కొలత మాత్రం ఎవరిది వారికే. ఈ సంగతి సరిగ్గా పట్టించుకోకపోవడం వల్లనే “మందు వాడుతున్నా బాగాలేదు” అన్న మాట అంతగా వినిపిస్తోంది.

ఎంతమందికి ఈ మాత్ర అవసరం? 2013లో వెలువడిన ఒక అధ్యయనం హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించింది. వారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉంది. అందులో మూడోవంతుకు దగ్గరగా, తమకు ఆ జబ్బు ఉందని అప్పటిదాకా తెలియనివాళ్లే. అయోడిన్ ఉప్పు వచ్చి ఇన్నేళ్లయినా ఇదేమిటని అనుమానం రావడం సహజం. జవాబు జపాన్‌లో దొరుకుతుంది. హకరు హషిమోటో అనే యువ శస్త్రవైద్యుడు 1912లో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథుల్ని సూక్ష్మదర్శిని కింద చూసి, తెల్లకణాలు వాటిని ముసురుకుని ఉన్నాయని రాశాడు. మన శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడి తినేస్తోందని 1956లో లండన్ పరిశోధకులు తేల్చారు. అదే ఏడు కాంగ్రాకు ఉప్పు బయల్దేరింది. ఒక జబ్బుకు ఉప్పుతో తాళం పడుతుంటే, ఉప్పుకు లొంగని మరో జబ్బు గుట్టు బయటపడింది. ఇప్పుడు మన ఊళ్లలో “థైరాయిడ్ వచ్చింది” అంటే ఎక్కువగా ఈ రెండోదే.

రిపోర్టు చేతికి రాగానే మొదలయ్యే తికమక ఒకటుంది. టీఎస్‌హెచ్ 12 అని చూసి “థైరాయిడ్ ఎక్కువైంది” అంటారు. నిజానికి తక్కువైంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసే హార్మోను కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే తాఖీదు. పని సరిగ్గా జరగకపోతే తాఖీదుల మీద తాఖీదులు వెళ్తాయి, అంకె పెరుగుతుంది. గ్రంథి అతిగా పనిచేస్తే తాఖీదు ఆగిపోతుంది, అంకె పడిపోతుంది. మామూలు హద్దు ప్రయోగశాలను బట్టి కొంచెం మారినా, సుమారు 0.4 నుంచి 4 దాకా అనుకోవచ్చు. మాత్ర మోతాదు సరిపోయిందా లేదా అన్నది ఈ తాఖీదు చూసే చెబుతారు.

మాత్ర పుట్టక ముందు సంగతి వింటే ఇప్పటి ఇబ్బంది చిన్నదనిపిస్తుంది. 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు, నడివయసు స్త్రీలలో ముఖం ఉబ్బి, మాట మొద్దుబారి, మనిషి మందగించే స్థితిని వర్ణించాడు. పదేళ్ల తర్వాత స్విట్జర్లాండ్‌లో థియొడోర్ కోకర్ మరో భయంకర సత్యం బయటపెట్టాడు. వాచిన థైరాయిడ్‌ను తాను మొత్తంగా కోసి తీసేసిన రోగులు చాలామంది అచ్చం అలాగే తయారయ్యారు. గ్రంథి లేకపోతే మనిషి నిలవడని అలా తెలిసింది. ఇక లేనిది ఎక్కణ్ణుంచి తేవాలి?

గొర్రె నుంచి. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసం తీసి, 46 ఏళ్ల ఒక స్త్రీకి చర్మం కింద సూదితో ఎక్కించాడు. కొన్ని నెలల్లో ఆమె ముఖం పూర్వపు రూపుకు వచ్చింది, మాట తేటపడింది. తర్వాత అదే రసాన్ని నోటి ద్వారా తీసుకుంటూ ఇరవై ఎనిమిదేళ్లు బతికి, 1919లో 74వ ఏట పోయింది. ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయని మర్రే లెక్క రాశాడు. మర్రే మొదలెట్టిన మరుసటి ఏడే, ప్లిమత్‌లో ఎడ్వర్డ్ ఫాక్స్ సూది అక్కర్లేదని తేల్చాడు. గ్రంథిని కొద్దిగా వేయించి, తరిగి, పండ్ల జెల్లీతో వారానికోసారి తినమన్నాడు. మందు వంటింట్లోంచే వచ్చిన రోజులవి.

ఆ వంటకంలో పనిచేసే పదార్థం ఏదో తెలియడానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ దాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. ఆయన వాడింది పంది గ్రంథులు. టన్నులకొద్దీ గ్రంథుల్ని కరిగిస్తే చేతికొచ్చింది గుప్పెడు గ్రాములు. అదే థైరాక్సిన్. 1927లో బ్రిటన్‌లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అయినా అది ఒంట్లో సరిగా కలిసేది కాదు. సోడియం లవణంగా మార్చే పద్ధతి 1949లో దొరికాకే ఇప్పటి లీవోథైరాక్సిన్ మాత్రకు దారి పడింది. మన మందుల షాపుల్లో థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్ వంటి పేర్లతో సీసాల్లో దొరికేది ఇదే.

ఇంతకీ కొలత ఎలా కుదురుతుంది?

గ్రంథి పూర్తిగా పనిచెయ్యని పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.6 మైక్రోగ్రాములు అన్నది పాఠ్యపుస్తకాల లెక్క. అరవై కిలోల మనిషికి వంద దగ్గర తేలుతుంది. అది కేవలం మొదలెట్టే చోటు. గ్రంథి కొంత పనిచేస్తున్నవాళ్లకు అంత అక్కర్లేదు. వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా ఎక్కిస్తారు, ఉన్నట్టుండి గుండె మీద భారం పడకుండా. అందుకే 12.5 నుంచి 150 దాకా ఇన్ని అంకెల్లో మాత్రలు తయారవుతున్నాయి. 75కూ 100కూ మధ్యన 88 ఎందుకుందని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు అదే. కొందరికి 75 చాలదు, 100 ఎక్కువవుతుంది.

ఇక్కడే ఓపిక కావాలి. లీవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. కాబట్టి మోతాదు మార్చాక రక్తంలో కొత్త మట్టం నిలబడడానికి అయిదారు వారాలు పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని టీఎస్‌హెచ్ పరీక్ష చెయ్యమనేది అందుకే. పది రోజులకే “ఈ మందు పడలేదు” అని డాక్టర్ని మార్చేసేవాళ్లు ప్రతిసారీ మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోతారు. ఈ నెమ్మదితనానికి మంచి వైపూ ఉంది. ఒకరోజు మాత్ర మరిచిపోతే మిన్ను విరిగి మీద పడదు. చెడ్డ వైపు ఏమిటంటే, మాత్ర మానేసినా వెంటనే ఏమీ కాదు. “మానేశాను, బాగానే ఉన్నాను” అని రెండు వారాలకు ధైర్యంగా చెప్పిన మనిషికి రెండు నెలలకు నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం ఒక్కొక్కటే తిరిగొస్తాయి.

కొలత కుదిరాక చెడగొట్టేది చాలాసార్లు వంటింటి గడియారం. ఈ మాత్ర ఖాళీ కడుపులో నీళ్లతో వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది. అరగంట నుంచి గంటదాకా ఏదీ తినకూడదు, తాగకూడదు. మన దగ్గర జరిగేది వేరు. మాత్ర నోట్లో వేసుకుని, ఆ గ్లాసు కింద పెట్టకముందే ఫిల్టర్ కాఫీ అందుకుంటారు. మాత్రతో పాటే కాఫీ తాగితే మందు ఒంటపట్టడం తగ్గుతుందని 2008లో ఇటలీ పరిశోధకులు చూపించారు. కాఫీని కాస్త వెనక్కి జరిపితే సరిపోయేదానికి మోతాదు పెంచుకుంటూ పోవడం ఎందుకు?

కాల్షియం, ఐరన్ మాత్రలతో తగువు ఇంకా పెద్దది. అవి కడుపులో థైరాక్సిన్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణికి ఐరన్, నలభై దాటిన స్త్రీకి కాల్షియం రాయడం మామూలే. థైరాయిడ్ మందగించేదీ వాళ్లలోనే ఎక్కువ. మూడూ ఒకే డబ్బాలోంచి ఒకేసారి మింగితే మొదటిది వృథా. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లకు కడుపులో ఆమ్లం తగ్గి మందు సరిగా ఒంటపట్టకపోవచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. పొద్దున్న పరుగుల్లో ఎడం పాటించడం కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది. రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో రాత్రి వేసుకున్నప్పుడే హార్మోను మట్టాలు మెరుగ్గా కనిపించాయి.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. బయోటిన్ జబ్బును మార్చదు, రిపోర్టును మారుస్తుంది. కొన్ని పరీక్షల్లో టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా చూపిస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ఆ రోజు థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోవడం మంచిది. ఇక ఇంట్లో అత్తాకోడళ్లిద్దరికీ థైరాయిడ్ ఉంటే ఇద్దరూ ఒకే సీసా వాడడం ఆదా అనిపిస్తుంది. ఒకరి 50, ఇంకొకరి 100 కలిసిపోతే ఆ ఆదాకు అర్థం లేదు. అమెరికాలో ఈ మాత్రకు మోతాదును బట్టి రంగు ఉంటుంది, 50 తెలుపు, 100 పసుపు. పిల్లల దగ్గరకు వెళ్లి అక్కడి మందు తెచ్చుకున్న పెద్దవాళ్లు ఇక్కడి సీసా మీద రంగు కాదు, అంకె చూసుకోవాలి. మండువేసవిలో సీసాను వంటింటి కిటికీలో పెట్టకూడదు. వేడి, తేమ, వెలుతురు ఈ మందును బలహీనపరుస్తాయి.

కంపెనీ మారిస్తే ఏమవుతుందన్నది అన్నిటికన్నా వాదులాట ఉన్న ప్రశ్న. దీనికి రెండు కథలు ఉన్నాయి, రెండూ చెరో దిక్కుకు లాగుతాయి.

మొదటిది అమెరికాలోది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెట్టీ డాంగ్ అనే పరిశోధకురాలు సింథ్రాయిడ్ అనే ఖరీదైన బ్రాండునూ, దానికన్నా చవకైన మూడు మందుల్నీ పోల్చి చూశారు. ఆ పనికి డబ్బిచ్చింది సింథ్రాయిడ్ తయారీదారే. 1990కల్లా ఫలితం తేలింది, నాలుగూ సమానమేనని. కంపెనీ ఒప్పందం చూపించి ఆ వ్యాసాన్ని అచ్చు కాకుండా ఆపింది. 1995లో వైద్యపత్రికలో రావాల్సినది చివరి క్షణంలో వెనక్కి పోయి, పత్రికలు బయటపెట్టాక 1997లో గాని వెలుగు చూడలేదు. ఆ ఏడాదే అమెరికా మందుల నియంత్రణ సంస్థ, అప్పటిదాకా పాత మందు పేరిట అనుమతి లేకుండానే అమ్ముడవుతున్న లీవోథైరాక్సిన్ మాత్రలన్నీ కొత్తగా అనుమతి పొందాలని ఆదేశించింది. మాత్రల్లో మందు బలం నిలకడగా ఉండటం లేదన్నది దాని ఫిర్యాదు. 2007లో ఆ బలానికి హద్దును 95 నుంచి 105 శాతానికి బిగించింది.

రెండోది ఫ్రాన్స్‌లోది. అక్కడ సుమారు ముప్పై లక్షల మంది లీవోథైరాక్స్ అనే ఒకే బ్రాండు వాడేవారు. 2017 మార్చిలో, నియంత్రణ సంస్థ కోరిన మీదట, మందు ఎక్కువకాలం నిలవడానికని తయారీదారు మెర్క్ మాత్రలో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ ఆమ్లం కలిపింది. మందు అదే, మోతాదు అదే. నెలల్లోనే వేల ఫిర్యాదులు వచ్చాయి. తలతిరుగుడు, అలసట, జుట్టు రాలడం, కండరాల నొప్పులు. కొత్త మాత్రలో నాణ్యత లోపం లేదని అధికారులు తేల్చారు. అయినా ఆ అక్టోబరులోనే పాత రకాన్ని మళ్లీ తెప్పించాల్సి వచ్చింది. రోగులు కోర్టుకెక్కారు. 2020లో లియోన్ అప్పీలు కోర్టు మూడు వేల మందికి పైగా రోగులకు తలా వెయ్యి యూరోలు ఇమ్మని తీర్పు చెప్పింది. మార్పు గురించి సరిగ్గా చెప్పలేదన్నది కారణం. 2019లో ఫ్రెంచి పరిశోధకులు ఆ మందు పాస్ అయిన పరీక్షను మళ్లీ లెక్కగట్టారు. సగటున రెండు మాత్రలూ సమానమే. కాని మనిషి మనిషికి విడివిడిగా చూస్తే, పరీక్షలో పాల్గొన్న 204 మందిలో సగానికి పైగా ఆ సమానత్వపు హద్దుకు బయట ఉన్నారు.

సగటుకు జబ్బు చెయ్యదు, మనిషికి చేస్తుంది. ఆ రెండు కథల నుంచి తేలేది ఒక్క సలహా. చవకది చెడ్డదనీ, ఖరీదైనది మంచిదనీ అనుకోనక్కర్లేదు. ఏది కుదిరిందో దానితోనే ఉండాలి. షాపులో “అది లేదండీ, ఇదీ అదే” అంటూ వేరే సీసా చేతిలో పెడితే, తీసుకున్నా తప్పు లేదు. ఆరు వారాలకు పరీక్ష చేయించుకోవడం మాత్రం మరవకూడదు.

ఇంత చేసినా, టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చినా, నూటికి అయిదు నుంచి పదిమంది ఇంకా బాగాలేదంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మొదట వెతకాల్సినవి రక్తహీనత, బి12 లోపం, విటమిన్ డి లోపం, నిద్రలో ఊపిరాడక గురక పెట్టడం, దిగులు, నెలసరి ఆగే వయసు మార్పులు. ఇవేవీ కాకపోతే టీ3 మాట వస్తుంది. 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్ రివర్స్ కనిపెట్టిన ఈ హార్మోనే కణాల్లో అసలు పని చేస్తుంది. మాత్రలోని థైరాక్సిన్‌ను, అంటే టీ4ను, ఒళ్లే టీ3గా మార్చుకుంటుందని 1970లో గ్రంథి లేని మనుషుల్లోనే రుజువైంది. అందుకే ఒక్క టీ4 మాత్ర చాలన్నారు. 1999లో లిథువేనియాలో 33 మందికి రెండూ కలిపి ఇస్తే హుషారు పెరిగిందని ఒక పరిశోధన చెప్పింది. తర్వాత జరిగిన చాలా పరీక్షల్లో ఆ తేడా నిలవలేదు. అయినా డాక్టర్ పర్యవేక్షణలో కొందరికి ప్రయత్నించి చూడవచ్చన్నది ఇప్పటి వైఖరి. పంది గ్రంథి పొడి మాత్రలు అమెరికాలో ఇంకా దొరుకుతాయి. వాటిలో టీ4, టీ3 నిష్పత్తి నాలుగుకు ఒకటి. మనిషి గ్రంథిలో సుమారు పద్నాలుగుకు ఒకటి. పందికి కుదిరిన కొలత మనిషికి కొంచెం ఎక్కువే.

అసలు మాత్ర అవసరమా అన్న ప్రశ్న కూడా ఉంది. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, హార్మోను మామూలుగా ఉన్న 65 ఏళ్లు దాటిన 737 మందిపై యూరప్‌లో ఒక పరీక్ష జరిగింది. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం మాత్ర తిన్నవారికీ ఉత్తుత్తి మాత్ర తిన్నవారికీ బాగోగుల్లో తేడా లేదు. గర్భిణి విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. ఆమెకు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ మందు కావాలి. మాత్ర వాడుతున్న స్త్రీ గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టర్‌కు ఫోను చెయ్యాలి, తర్వాతి చెకప్ దాకా ఆగకూడదు. కాన్పులో రక్తం విపరీతంగా పోయి పిట్యూటరీ దెబ్బతిన్న స్త్రీలలో టీఎస్‌హెచ్ దారి తప్పిస్తుంది. వారికి కార్టిసాల్ లోటు సరిచేయకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు.

నోరు విప్పి చెప్పలేనివాళ్లు ఇంకొకరున్నారు. పుట్టుకతోనే థైరాయిడ్ లేని పసికందు తొలి రోజుల్లో మామూలుగానే కనిపిస్తుంది. రెండు వారాల్లోపల మందు మొదలుపెడితే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. నెలల తరబడి ఆలస్యమైతే ఆ నష్టం తిరిగిరాదు. కెనడాలోని క్యుబెక్‌లో 1974లో జాన్ దుసో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి పరీక్షించే పద్ధతి మొదలుపెట్టాడు. బిడ్డకు మోతాదు కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు, పెద్దవాళ్లకన్నా ఎన్నో రెట్లు. మన దేశంలో సుమారు వెయ్యిమందిలో ఒక బిడ్డకు ఈ లోపం ఉంటుంది. పరీక్ష మాత్రం ఇంకా ప్రతి కాన్పుకూ అందడం లేదు. కాంగ్రాలో ఉప్పులాగే ఈ పరీక్ష అందరికీ ఒకటే కావాలి. దాని తర్వాతి మాత్ర మాత్రం ఆ బిడ్డ బరువుకు తూచి ఇవ్వాలి. మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు అయితే మూడో రోజుకల్లా ఆసుపత్రిలో ఒక్క మాట అడగండి: బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీశారా, టీఎస్‌హెచ్ ఎంత వచ్చింది?